పిట్టలు తాగిన చెరువు, మనం పట్టిన శీలం





పోయిన ఆషాఢ పౌర్ణమి నాడు మా వాడ విహారంలో త్రిశరణ, పంచశీల అయిపోయాక, 22 ప్రతిజ్ఞల్లో పదమూడోదాని గురించి నాలుగు మాటలు చెప్పాను. సకల ప్రాణుల మీద కరుణ చూపుతాను, వాటిని కాపాడుతాను అని 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ లక్షలాది మంది చేత పలికించిన ప్రతిజ్ఞ అది. మన ఊళ్ళో పిచ్చుకలు ఎందుకు తగ్గాయి, తొలకరికి ఆరుద్ర పురుగులు ఎందుకు కనపడటం లేదు అని అడిగాను. వెనక వరుసలోంచి డిగ్రీ చదివే తమ్ముడొకడు లేచి నిలబడ్డాడు.

"అన్నా, మన మనుషులకే దిక్కు లేదు. పిట్టల మీద కరుణ అంటవేంది? మహద్‌ల చెరువు నీళ్ళు పిట్టలు తాగినయ్, బర్లు తాగినయ్, మనోళ్ళను మాత్రం తాగనియ్యలే. పిట్ట మీద ఉన్న దయ మన మీద లేకపాయె. ఇప్పుడు మనమే పోయి పిట్టల గురించి మాట్లాడాల్నా?"

విహారమంతా నిశ్శబ్దమైంది. కొందరు పెద్దలు ఆ పిల్లగాణ్ణి కూర్చోమన్నారు. నేను వద్దన్నాను. ప్రశ్న అడగని చోట ధమ్మం లేదు. ఆ పూట నేను చెప్పిన జవాబు సగమే. మిగతా సగం ఈ చిన్న పుస్తకంలో మీ అందరికీ చెబుతున్నాను.

కరుణ పేరుతో జరిగిన మోసం

ముందు ఆ తమ్ముడి మాటలో ఉన్న నిజాన్ని ఒప్పుకుందాం. 1927 మార్చి 20న బాబాసాహెబ్ మహద్ చవదార్ చెరువులో దిగి దోసిలితో నీళ్ళు తాగారు. అంతకు ముందు ఆ నీళ్ళు పశువులకు అంటు కాలేదు, పక్షులకు అంటు కాలేదు, మనకే అంటయ్యాయి. చీమలకు చక్కెర పోసే చెయ్యి మనకు మంచినీళ్ళు పోసేటప్పుడు పైకి లేచింది. ఆవు పేరు చెప్పి మనోళ్ళను కొట్టినోళ్ళను ఈనాటికీ చూస్తున్నాం. కాబట్టి "ప్రాణి దయ" అనే మాట వినగానే మన ఒళ్ళు మండటం సహజం.

కానీ ఒక్క సంగతి ఆలోచించండి. చెరువు దగ్గర తప్పు చేసింది పిట్టా? పిట్ట తాగింది, ఎగిరిపోయింది. గట్టు మీద కర్ర పట్టుకుని నిలబడినవాడు మనిషి. పిట్టకు నీళ్ళు దొరకడం అన్యాయం కాదు, మనకు దొరకకపోవడం అన్యాయం. బాబాసాహెబ్ పిట్టను వెళ్ళగొట్టడానికి చెరువులో దిగలేదు. నీళ్ళు అందరివీ అని చాటడానికి దిగారు.

ఇంకో సంగతి. ఇప్పుడు లోకమంతా పిచ్చుకల దినం జరుపుకునేది కూడా మార్చి 20నే. అది కావాలని కలిపిన తేదీ కాదు, కాకతాళీయం. అయినా ఆ రోజు మన విహారం ముందు అందరికీ మంచినీళ్ళ కుండ పెట్టి, పక్కనే పిట్టలకు ఒక మూకుడు పెడితే మహద్ అర్థం చెడదు, ఇంకా పెరుగుతుంది.

అహింస నియమం కాదు, సూత్రం

రైతులూ కూలీలూ నన్ను అడిగే మాట ఇంకోటి ఉంది. "పురుగును చంపకుంటే పంటేది? నాగలి కట్టితేనే వానపాము తెగుతది. మరి మొదటి శీలం పట్టినోడు వ్యవసాయం ఎట్ల చేయాలె?"

దీనికి బాబాసాహెబ్ "బుద్ధుడు, అతని ధమ్మం" గ్రంథంలో తేటగా జవాబిచ్చారు. బుద్ధుడు అహింసను కళ్ళు మూసుకుని పాటించే నియమంగా పెట్టలేదు, బుద్ధితో ఆలోచించి నడిచే సూత్రంగా పెట్టాడు. అవసరం కొద్దీ చంపడం వేరు, చంపాలనే కోరికతో చంపడం వేరు అని ఆయన విడదీసి చూపించారు. ఇది మన చేతికిచ్చిన కొలబద్ద. పంటను తింటున్న లద్దె పురుగును ఏరి పారేసే అక్కది అవసరం. పురుగు ఉందో లేదో చూడకుండా, పక్క చేనోడు కొట్టాడని, డీలరు చెప్పాడని, వారానికోసారి చేనంతా విషంతో తడపడం ఏమిటి? అందులో అవసరం ఎంత? భయం ఎంత? అప్పు ఇచ్చినోడి వ్యాపారం ఎంత?

మీరు ఈ కొలబద్ద పట్టుకుని మీ చేను గట్టు మీద నిలబడి చూసుకోండి. నేను తీర్పు చెప్పను.

ఒకే మందు, ఒకే ఒళ్ళు

నా సంగతి చెబుతాను. డిగ్రీ సెలవుల్లో నేను కూడా మందు కొట్టే కూలికి పోయినవాణ్ణే. పత్తి చేను ఆసామిది, పంపు ఆసామిది, వీపు మాది. నేనూ మా చిన్నాయనా చెరో సాలు పట్టుకున్నాం. ముక్కుకు తువ్వాల తప్ప ఇంకేం లేదు. గాలి ఎదురు తిరిగింది. మధ్యాహ్నం దాటేసరికి చిన్నాయనకు నోటి నుంచి నురగ, కళ్ళు మసక. "మందు పట్టింది" అన్నారు. ఎడ్లబండి మీద వేసుకుని ఆస్పత్రికి పోయాం. బతికాడు. కానీ ఆ తర్వాత ఆయన చేతులు వణకడం ఆగలేదు. ఆసామి ఆ రోజు కూలి సగమే ఇచ్చాడు, పని సగమే అయ్యిందని.

మరునాడు పంపు తెచ్చిద్దామని చేనికి పోతే, గట్టు మీది తుమ్మ చెట్టు కింద మూడు గోరింకలు పడి ఉన్నాయి. ముక్కులు తెరుచుకుని, కాళ్ళు ముడుచుకుని. మందు తాగిన పురుగుల్ని తిన్నాయో, సాళ్ళలో నిలిచిన నీళ్ళు తాగాయో తెలియదు. నాకు మాత్రం ఆ పూట మంచంలో ముడుచుకుని పడుకున్న చిన్నాయనే కనపడ్డాడు. అప్పటికి నాకు ధమ్మం తెలియదు. ప్రతీత్య సముత్పాదం అనే మాట తెలియదు. కానీ చిన్నాయనను పడగొట్టిందీ గోరింకను పడగొట్టిందీ ఒకటేనని ఆ గట్టు మీదే తెలిసింది.

ఆ తమ్ముడికి నేను చెప్పదలచిన అసలు జవాబు ఇదే. మనిషికి దిక్కు లేని చోటే పిట్టకూ దిక్కు లేదు. ఇవి రెండు కథలు కావు.

1997, 98లో వరంగల్ ప్రాంతంలో పత్తి పురుగు చావక, అప్పు తీరక, రైతులు ఆ పురుగుల మందే తాగి ప్రాణాలు తీసుకున్నారు. 2017లో మన పక్కనే ఉన్న మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ విషం ఎక్కి 20 మందికి పైగా రైతులూ కూలీలూ చనిపోయారు, వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. కేరళ కాసర్‌గోడ్ జీడి తోటల్లో ఏళ్ళ తరబడి ఎండోసల్ఫాన్ చల్లితే ఎందరు పిల్లలు అవిటివాళ్ళుగా పుట్టారో లోకం చూసింది, 2011లో సుప్రీంకోర్టు ఆ మందును దేశమంతా ఆపించింది. పంపు మోసే వీపు ఎవరిది? మందు కొట్టిన మరునాడే చేలో వంగి కలుపు తీసే చేతులు ఎవరివి? మీకు తెలుసు.

ఒకటి కదిలితే ఇంకొకటి కదులుతుంది

ఒకటి ఉండటం వల్ల మరొకటి ఉంటుంది, ఒకటి పోతే దాన్ని పట్టుకున్నది కూడా పోతుందని తథాగతుడు నేర్పాడు. దీన్ని పుస్తకంలో చదవడం కష్టం, పత్తి చేలో చూడటం సులువు.

పేనుబంకను తినేది అక్షింతల పురుగు. లద్దె పురుగును తినేవి గొల్లభామ, కందిరీగ, గోరింక, పసుల పోలిగాడు. మందు కొడితే పేనుబంక చస్తుంది, అక్షింతల పురుగూ చస్తుంది. పేనుబంక వారం పది రోజుల్లో మళ్ళీ పిల్లలు పెట్టి పెరుగుతుంది. దాన్ని తినేది అంత తొందరగా పెరగదు. అంటే మందు కొట్టిన చేలో శత్రువు ముందు లేస్తాడు, మిత్రుడు వెనక లేస్తాడు. మళ్ళీ మందు, మళ్ళీ అప్పు. విత్తనానికే మందు పట్టించి అమ్ముతున్నారు. ఆ విషం వేరు నుంచి ఆకుకూ పువ్వుకూ పాకుతుంది, పువ్వు మీద వాలిన తేనెటీగకూ అంటుతుంది.

పిచ్చుక గింజలు తినే పిట్టే. కానీ గుడ్డు పగిలి బయటికొచ్చిన పిల్లకు గింజ అరగదు. మొదటి రోజుల్లో మెత్తటి పురుగులే పెట్టాలి. పురుగు లేని ఊళ్ళో పిచ్చుక పిల్ల గూట్లోనే చస్తుంది. గిజిగాడు బావి మీద గూడు కట్టాలన్నా అంతే, పిల్లకు పురుగు కావాలి.

ఇక గడ్డిమందు. కలుపు చచ్చింది, పని తప్పింది అనుకున్నాం. పోయింది కలుపొక్కటే కాదు. గునుగు పోయింది, తుమ్మి పోయింది. మన అమ్మలు కలుపు తీస్తూ కొంగులో కట్టుకొచ్చిన పొన్నగంటి, గంగవాయిలి, దొగ్గలి కూర పోయాయి. ఆ పూలమీద వాలే సీతాకోకచిలుకలు పోయాయి. కలుపు కూలి పోయింది. ఒక్క డబ్బా మందు సీతాకోకచిలుక తిండినీ మన ఆడోళ్ళ కూలినీ కలిపే తీసేసింది.

రాబందుల సంగతి వినండి. పశువులకు నొప్పి తగ్గడానికి డైక్లోఫెనాక్ అనే మందు వేశారు. అది ఒంట్లో ఉండగా చచ్చిన పశువును తిన్న రాబందులకు మూత్రపిండాలు పాడయ్యాయి. కొద్ది ఏళ్ళలోనే దేశంలో మూడు జాతుల రాబందులు నూటికి తొంభైకి మించి కనపడకుండా పోయాయి. 2006లో పశువులకు ఆ మందు వాడకాన్ని ప్రభుత్వం నిషేధించింది. ఊరి బయట చచ్చిన గొడ్డును మన తాతలు కోస్తుంటే ఆకాశంలో తిరిగినవి ఆ రాబందులే. చచ్చిన పశువును మోసే పని మానమని బాబాసాహెబ్ చెప్పారు, మానేశాం, మంచి పని చేశాం. కానీ ఊరు శుభ్రం చేసిన ఆ పిట్ట గురించి అడిగినవాళ్ళు తక్కువ. ఊరిని శుభ్రం చేసేవాళ్ళను ఊరు పట్టించుకోదని మనకంటే బాగా ఎవరికి తెలుసు?

అన్నీ తగ్గలేదు

ఉన్నది ఉన్నట్టు చూడటం సమ్మా దిట్ఠి. కాబట్టి అన్ని పిట్టలూ పోయాయని చెప్పి మిమ్మల్ని భయపెట్టను. 2023లో దేశ పక్షుల స్థితి మీద ఒక నివేదిక వచ్చింది. సుమారు 30 వేల మంది పక్షులను చూసి రాసిన లెక్కల మీద కట్టింది అది. 942 జాతులను పరిశీలించారు. దీర్ఘకాలపు లెక్క తేల్చగలిగినవి 338. వాటిలో 204 జాతులు, అంటే నూటికి 60, తగ్గాయి. పురుగులు తినే పిట్టలు, వేటాడే గద్దలు ఎక్కువగా తగ్గినవాటిలో ఉన్నాయి. ఏది దొరికితే అది తిని ఎక్కడైనా బతకగలిగేవి పెరిగాయి. నెమలి బాగా పెరిగింది. పావురం, కోయిల కూడా పెరిగాయి. మన పిచ్చుక పెద్ద నగరాల్లో తగ్గింది కానీ దేశమంతా తీసుకుంటే పూర్తిగా పోలేదు, పల్లెల్లో ఇంకా ఉంది. అంటే చెయ్యడానికి మనకింకా సమయం ఉంది.

ఆరుద్ర పురుగునే తీసుకోండి. తొలకరి చినుకు పడగానే చెల్కల్లో ఎర్ర మఖమల్ గుడ్డ ముక్కల్లా పాకేవి, పిల్లలం అరచేతిలో పెట్టుకునేవాళ్ళం. ఎనిమిది కాళ్ళది, సాలీడుకు చుట్టం. మందు పడని గట్ల మీద, మట్టి మెత్తగా ఉన్న చోట ఇంకా కనపడుతున్నాయి. అది కనపడిన చోట మట్టి బతికి ఉందని అర్థం.

పాత పల్లె బాగుండేది, దానికే పోదాం అని నేను అనడం లేదు. పల్లె అంటే అజ్ఞానపు గుహ, సంకుచితత్వపు గుహ అని రాజ్యాంగ సభలో చెప్పినవారు బాబాసాహెబ్. పిచ్చుక గూడు పెట్టిన మన పూరి గుడిసెలో వాన కురిసిందని నాకు గుర్తుంది. స్లాబు ఇల్లు మన హక్కు. ఆ స్లాబు కింద పిచ్చుకకు ఒక చెక్క డబ్బా వేలాడదీయడం మన శీలం.

బుద్ధుడు, అశోకుడు చూపిన దారి

వర్షావాసం ఎట్లా మొదలైందో వినయ పిటకం చెబుతుంది. వానాకాలంలో కూడా భిక్షువులు ఊరూరా తిరుగుతుంటే పచ్చిగడ్డి నలుగుతోంది, చిన్న చిన్న ప్రాణులు చస్తున్నాయి అని జనం గొణిగారు. పక్షులు సైతం చెట్ల మీద గూళ్ళు కట్టుకుని వానాకాలం ఒకచోట ఉంటాయి కదా, వీళ్ళెందుకు ఉండరు అన్నారు. బుద్ధుడు కోపపడలేదు. విన్నాడు, భిక్షువుల్ని మూడు నెలలు ఒకచోట ఉండమన్నాడు. గమనించండి. మామూలు జనం మాట విని, పిట్టను చూసి, సంఘమే తన పద్ధతి మార్చుకుంది. అది ధమ్మం గొప్పతనం.

ఉపాసకులు చేయకూడని ఐదు వ్యాపారాలను బుద్ధుడు చెప్పాడు. ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం. విషాన్ని ఆ రోజే లెక్కలో పెట్టాడు. ఎరువుల దుకాణంలో జీతానికి పనిచేసే మన పిల్లల్ని తప్పు పట్టడానికి ఇది చెప్పడం లేదు. నిషేధించిన మందునూ, నకిలీ మందునూ, అప్పు పేరుతో అవసరం లేని మందునూ అంటగట్టే వ్యాపారాన్ని పేరు పెట్టి పిలవడానికి చెబుతున్నాను.

అశోక చక్రవర్తి పట్టాభిషేకం జరిగిన 26 ఏళ్ళకు వేయించిన ఐదవ స్తంభ శాసనంలో చంపకూడని ప్రాణుల పట్టిక ఉంది. చిలుక, గోరింక, గబ్బిలం, చివరికి రాణి చీమ కూడా అందులో ఉన్నాయి. ప్రాణులున్న ఊకను కాల్చవద్దని కూడా రాయించాడు. వరి కోసి కొయ్యలకు నిప్పు పెట్టే మనకు రెండు వేల ఏళ్ళకు పైబడిన కిందటే చెప్పిన మాట అది. మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఆయన శాసనాలు ఇప్పటికీ ఉన్నాయి. మనుషులకూ పశువులకూ ఇద్దరికీ వైద్యం, ఇద్దరికీ బావులు, ఇద్దరికీ చెట్ల నీడ. చవదార్ చెరువు గట్టు మీద లేనిది ఇదే, "ఇద్దరికీ" అనే మాట.

పాలపిట్ట విషయంలో ఒక మాట

దసరా నాడు పాలపిట్టను చూస్తే శుభం అంటారు. తెలంగాణ రాష్ట్ర పక్షి అది. మిడతల్ని, పురుగుల్ని తిని చేనును కాచే పిట్ట. దేశంలో దాని సంఖ్య తగ్గుతోంది. చేలో కనపడటం తగ్గేసరికి పట్టుకొచ్చి, రెక్కలు కట్టి, పంజరంలో పెట్టి పది ఇరవై రూపాయలకు చూపిస్తున్నారు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. అదే రోజు మనకు అశోక విజయదశమి. ఆ పంజరానికి పైసా ఇవ్వకండి. బందీ అయిన ప్రాణిని చూస్తే శుభం కలుగుతుందని చెప్పేది ఏ ధర్మమైనా, అది మనం వదిలి వచ్చినదే.

మనం చేయగలిగినవి

ఐదు పనులు చెబుతాను. ఐదూ చేయలేకపోతే ఒకటి పట్టండి.

ఒకటి. చేను ఉన్నవాళ్ళు, కౌలుకు చేసేవాళ్ళు, మందు డబ్బా మూత తీసే ముందు చేలో దిగి పురుగును చూడండి. ఎకరాకు పది దాకా పంగల కర్రలు పాతితే పసుల పోలిగాడూ గోరింకా వాటి మీద వాలి పురుగుల్ని ఏరుతాయి. చుట్టూ జొన్న, ఆముదం, మధ్యలో బంతి వేయండి. వంద లీటర్ల నీళ్ళకు ఐదు కిలోల వేపగింజల పొడి నానబెట్టి వడకట్టి కొట్టండి. పాల్వంచ దగ్గరి పునుకుల గ్రామం 2000 తర్వాతి ఏళ్ళలో ఇలాంటి పద్ధతులతోనే పురుగుమందు లేని ఊరయ్యింది.

రెండు. కూలికి పోయేవాళ్ళు ఒక్కటిగా నిలబడి చెప్పండి. చేతి తొడుగు, ముఖానికి గుడ్డ, కడుక్కోవడానికి నీళ్ళు లేకుండా పంపు ఎత్తం అని. గాలికి ఎదురుగా కొట్టం అని. ఇది బతిమాలుకోవడం కాదు, హక్కు.

మూడు. వరి కొయ్యలు, పత్తి కట్టె కాల్చడం మానండి.

నాలుగు. ఎండాకాలమంతా విహారం ముందు, ఇంటి ముందు ఒక మూకుడులో నీళ్ళు. రోజూ కడిగి మార్చండి.

ఐదు. లెక్క పెట్టండి. లెక్కలోకి రానివాడికి హక్కు రాదని మనకు తెలుసు, అందుకే జనగణనలో కులం లెక్క అడిగాం. పిట్టలకూ అంతే. ప్రతి పౌర్ణమి నాడు పొద్దున్నే పిల్లల్ని విహారం వెనక కూర్చోబెట్టి 15 నిమిషాలు కదలకుండా చూడమనండి. ఏ పిట్ట, ఎన్ని, ఒక నోట్‌బుక్కులో రాయించండి. శ్వాసను గమనించినట్టే ఇదీ సతి, ఎరుక. ఏడాది తిరిగేసరికి మన వాడ పిల్లల చేతిలో మన ఊరి పిట్టల లెక్క ఉంటుంది. ఇన్నాళ్ళూ మన గురించి ఎవరో రాశారు. ఇప్పుడు ఊరి గురించి మనం రాద్దాం.

ఆ తమ్ముడు శ్రావణ పౌర్ణమికి మళ్ళీ వచ్చాడు. ప్రశ్న వదల్లేదు. "నీ మాట సగం ఒప్పుకున్న అన్నా, మిగతా సగం చూస్త" అన్నాడు. అట్లాగే ఉండమన్నాను. వచ్చి చూసి తెలుసుకోమని చెప్పే ధమ్మం ఇది. కానీ ఆ పొద్దున పిల్లల పక్కన కూర్చుని నోట్‌బుక్కులో గీతలు గీసింది అతనే. గోరింకలు ఏడు, పికిలి పిట్టలు నాలుగు, పిచ్చుకలు రెండు.

రెండే. కానీ రెండు ఉన్నాయి. వచ్చే వైశాఖ పౌర్ణమికి మీ ఊరి లెక్క మీరు తెండి, మా ఊరి లెక్క మేము తెస్తాం.

సాధు! సాధు! సాధు!

జై భీమ్!